క్యాన్సర్ ముప్పు తగ్గించే మొక్కల ఆహారం: బజారు సంచి నుంచి విస్తరి దాకా

పసుపు రోజుకు ఎన్ని చెంచాలు వేసుకోవాలి, మునగాకు పొడి పరగడుపున తాగాలా భోజనం తరువాతా, క్యాప్సూల్ మేలా కూర మేలా అని పాఠకులు పదే పదే అడుగుతున్నారు. ఏదో ఒక ఆకులోనో దుంపలోనో క్యాన్సర్‌ను ఆపే పదార్థం ఉందని, దాన్ని సరైన మోతాదులో మింగితే చాలునని ఈ ప్రశ్నలన్నిటి వెనుకా ఒక నమ్మకం ఉంది. ఆ నమ్మకం పరీక్షలకు నిలబడలేదు. మొక్కలలోని రసాయనాలు ఉపయోగపడేది వాటిని ఆహారంగా, తగినంత పరిమాణంలో, ఏళ్ల తరబడి తిన్నప్పుడే. పైగా వాటిలో కొన్ని మనం కోసే తీరును బట్టి పుడతాయి, వండే తీరును బట్టి పోతాయి. అందువల్ల ఇక్కడ చెప్పేదంతా విజయవాడ, గుంటూరు ఇళ్లలో రోజూ జరిగే బజారు పనికి, వంట పనికి సంబంధించినదే.

1. మొదలుపెట్టే ముందు: ఏ మాటకు ఎంత బలం

ఆహారం గురించి వినిపించే మాటలన్నిటికీ ఒకే స్థాయి ఆధారం లేదు. మూడు మెట్లుగా చూస్తే గందరగోళం తగ్గుతుంది.

బలమైన ఆధారం ఉన్నది పీచుకు, పొట్టు తీయని ధాన్యాలకు. ఇవి పెద్దపేగు క్యాన్సర్ ముప్పును తగ్గించే అవకాశం ఎక్కువని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ 2018 నివేదిక నిర్ధారించింది. రోజుకు 90 గ్రాముల ముడిధాన్యపు ఆహారానికి ఆ ముప్పు సుమారు 17 శాతం తక్కువగా కనిపించిందని అందులో లెక్క ఉంది.

రెండో మెట్టులో కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉన్నాయి. వీటిని బాగా తినేవారిలో నోరు, గొంతు, అన్నవాహిక క్యాన్సర్లు తక్కువగా కనిపించాయి. అయితే అలాంటివారు సాధారణంగా పొగ, మద్యం కూడా తక్కువగా తీసుకుంటారు కనుక ఘనత అంతా కూరకే ఇవ్వడం న్యాయం కాదు.

మూడో మెట్టులో పసుపులోని కర్కుమిన్, ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్ వంటి విడివిడి పదార్థాలు ఉన్నాయి. ప్రయోగశాలలో గాజుపాత్రలోని కణాలపై ఇవి ఎంతో ఆశాజనకంగా కనిపిస్తాయి, కాని మనుషులలో క్యాన్సర్ రాకుండా ఆపినట్టు రుజువు లేదు.

ఇంకొక సంగతిని ఇక్కడే తేల్చుకోవాలి. మొక్క నుంచి వచ్చినదంతా మేలు చేయదు. పొగాకు మొక్కే, వక్క చెట్టుదే. పొగాకు కలపకపోయినా వక్క ఉన్న కిళ్లీ క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మొదటి వర్గంలోనే, అంటే రుజువైన కారకాల జాబితాలోనే చేర్చింది. మద్యం కూడా అదే వర్గంలో ఉంది. భోజనం కాగానే వక్కపొడి నోట్లో వేసుకునే అలవాటును అలాగే ఉంచుకుని కూరలు మార్చడం వల్ల దక్కేది చాలా తక్కువ. కాబట్టి మొదటి పని వంటింట్లో కాక జేబులో ఉన్న పొట్లంతో మొదలవుతుంది.

2. సన్నాహం: వారానికి ఎంత కావాలో తూకం వేయడం

ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు కూరగాయలు, పండ్లు కలిపి కనీసం 400 గ్రాములు ఉండాలంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మరికొంత ఎక్కువగా, కూరగాయలే 400 గ్రాములు, వాటికి తోడు 100 గ్రాముల పండ్లు అని సూచిస్తుంది. బంగాళాదుంప, చామదుంప, కంద వంటి పిండిదుంపలను ఈ లెక్కలో వేయకండి.

రెండో లెక్క ప్రకారం నలుగురు పెద్దవారున్న ఇంటికి వారానికి 11.2 కిలోల కూరగాయలు, 2.8 కిలోల పండ్లు అవసరం. తొక్కలు, కాడలు, పుచ్చులు పోతాయి కనుక కూరగాయలు 13 కిలోల దాకా కొంటేనే ఆ తూకం కంచంలోకి వస్తుంది. ఈ అంకె చూసి చాలామంది ఉలిక్కిపడతారు. మనం కూరను అన్నంలోకి నంజుకోవడానికి వాడుకుంటాం తప్ప కూరలోకి అన్నం కలుపుకోము. తేడా అంతా అక్కడే ఉంది.

ఒక వారం పాటు ఈ పని చేయండి:

– బజారు నుంచి వచ్చిన ప్రతి సంచినీ దుంపలు తీసివేసి తూచి, గోడ క్యాలెండరులో ఆ తేదీ గడిలో రాయండి.
– వారం చివర మొత్తాన్ని ఇంట్లో తినేవారి సంఖ్యతో, ఆపైన ఏడుతో భాగించండి.
– తలకు 200 గ్రాములు దాటకపోతే ఒక్కసారిగా రెట్టింపు చేయకండి. కడుపు ఉబ్బరం వచ్చి అసలుకే మానేస్తారు. ప్రతి వారమూ రోజువారీ తూకాన్ని తలకు 50 గ్రాముల చొప్పున పెంచండి.

ఏం కొనాలన్న విషయంలో రకరకాలుగా ఉండటం ముఖ్యం. రోజూ ఏదో ఒక ఆకుకూర ఉండాలి: తోటకూర, చుక్కకూర, బచ్చలి, పొన్నగంటి, మెంతికూర, గోంగూర. వారానికి రెండు మూడుసార్లు క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగిలో ఒకటి ఉండాలి. ఇవి చలికాలంలో చవకగా, లేతగా దొరుకుతాయి. ఎర్రవి, పసుప్పచ్చవి అయిన టమాటా, క్యారెట్, గుమ్మడి తరచూ రావాలి. ఉల్లి, వెల్లుల్లి ఎలాగూ ఉంటాయి. పండ్లలో జామ, బొప్పాయి, కార్తీకం నుంచి ఉసిరి మన దగ్గర తక్కువ ధరకు దొరికే మేలైన సరుకు. ఎక్కడి నుంచో వచ్చే బ్లూబెర్రీల కోసం వెతకనక్కరలేదు.

3. కొనడం, కడగడం

పటమట రైతుబజారుకు వెళ్లినా, గుంటూరు కొల్లి శారద మార్కెట్‌కు వెళ్లినా ఆకుకూరలను పొద్దున్నే కొనాలి. ఎండాకాలంలో పది గంటలకే కట్టలు వాడిపోతాయి, అమ్మేవారు వాటిపై నీళ్లు చల్లి నిలబెడతారు, ఇంటికి తెచ్చేసరికి కట్ట మధ్యలో కుళ్లు మొదలవుతుంది. కొనే ముందు కట్టను విప్పి మధ్య ఆకులను చూడటంలో మొహమాటం అవసరం లేదు.

కడిగే క్రమం:

– వేళ్లు కోసి, పసుపుపచ్చబడిన ఆకులు ఏరివేయండి.
– వెడల్పు బేసిన్‌లో నీళ్లు పోసి ఆకును ముంచి కదిలించండి.
– నీళ్లు వంపేయకుండా ఆకునే పైకి తీయండి. వంపితే అడుగున దిగిన మట్టి మళ్లీ ఆకు మీదికే వస్తుంది. నీళ్లలో మట్టి కనిపించనంత వరకు ఇలాగే చేయండి.
– కాయలను కుళాయి ధార కింద చేత్తో రుద్ది కడగండి. సబ్బు, డిటర్జెంటు వాడకండి.
– కోయడం ఎప్పుడూ కడిగిన తరువాతే. కోసి కడిగితే విటమిన్ సి, ఫోలేట్ నీళ్లపాలవుతాయి.

4. కోయడం, ఆగడం, వండడం

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా నెమ్మదిగా చదవవలసిన భాగం ఇది.

4.1 క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి

ఈ ఆవ జాతి కూరలలో గ్లూకోసినోలేట్లు అనే పదార్థాలుంటాయి. అవి ఉన్న రూపంలో మనకు పెద్దగా పనికిరావు. ఆకు తెగినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము వాటిని తాకి ఐసోథయోసయనేట్లుగా మారుస్తుంది. సల్ఫోరాఫేన్ ఈ కుటుంబానికి చెందినదే. శరీరంలో హానికర పదార్థాలను వదిలించే ఎంజైములను ఇవి పురికొల్పుతాయని పరిశోధనలు చూపాయి. చిక్కేమిటంటే ఆ ఎంజైము వేడికి తట్టుకోదు. కోసిన వెంటనే మరుగుతున్న నీళ్లలో పడేస్తే మార్పు జరగక ముందే అది చచ్చిపోతుంది, మిగిలిన గ్లూకోసినోలేట్లు నీళ్లలోకి దిగుతాయి, మనం ఆ నీళ్లు వార్చేస్తాం.

దీనికి రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, సన్నగా తరిగి అరగంట పళ్లెంలో ఉంచి, ఆ తరువాత వండటం. రెండోది మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే: ఆవపెట్టిన కూర. పచ్చి ఆవాలలో మైరోసినేజ్ పుష్కలంగా ఉంటుంది. వండిన బ్రోకలీ మీద ఆవపొడి చల్లి తిన్నవారి శరీరంలోకి సల్ఫోరాఫేన్ నాలుగు రెట్లకు పైగా చేరిందని 2018లో బ్రిటన్‌లో కొద్దిమందిపై జరిగిన పరిశోధన చూపింది. తాలింపులో చిటపటలాడిన ఆవాలు ఈ పని చేయవు. వాటి ఎంజైము నూనెలోనే పోతుంది.

అర కిలో క్యాబేజీకి ఇలా చేయండి:

– ఒక చెంచా ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, కొద్దిగా ఉప్పు, రెండు చెంచాల నీళ్లు కలిపి రోట్లో మెత్తగా నూరండి. నూరగానే ముక్కుకు ఘాటు తగిలితే ఎంజైము పని మొదలుపెట్టిందన్నమాట.
– అరగంట ఆగిన క్యాబేజీని తాలింపులో వేసి, పసుపు, ఉప్పు, చిలకరించినంత నీరు చేర్చి, మూతపెట్టి నాలుగైదు నిమిషాలు మగ్గనివ్వండి. పంటికింద కొద్దిగా కరకరలాడుతూ ఉండగానే దించేయాలి.
– గరిటె వెనుక భాగాన్ని చేత్తో పట్టుకోగలిగినంత చల్లారాక ఆవముద్ద కలపండి, నిమ్మరసం పిండండి.

పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే కూర చేదెక్కుతుందని పెద్దవారు హెచ్చరించేవారు. రుచి కోసం చెప్పిన ఆ మాట ఎంజైము విషయంలోనూ సరిగ్గా సరిపోతుంది. మిక్సీలో నూరేవారు ఒకేసారి ఎక్కువసేపు తిప్పితే ముద్ద వేడెక్కుతుంది. ఆపి ఆపి తిప్పండి, చల్లని నీళ్లు వాడండి. అరటికాయ, పనసపొట్టు, కంద కూరలకు కూడా ఆవ పెడతాం కాని వాటిలో గ్లూకోసినోలేట్లు లేవు కనుక అక్కడ లాభమంతా ఆవముద్ద నుంచి వచ్చేదే.

మునగాకులోనూ ఇలాంటి పదార్థాలే ఉంటాయి. దూసిన ఆకును చేతితో కొద్దిగా నలిపి లేదా తరిగి పది పదిహేను నిమిషాలు ఉంచి, పప్పు ఉడికిపోయాక చివరలో వేయండి. ఆషాఢంలో ఒక్కరోజు తినడంతో సరిపెట్టకుండా చెట్టు చిగురు వేసిన ప్రతిసారీ వండుకోవచ్చు.

4.2 వెల్లుల్లి, ఉల్లి

వెల్లుల్లి కథ కూడా ఇలాంటిదే. రెబ్బను దంచినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైము పనిచేసి అల్లిసిన్‌ను పుట్టిస్తుంది. దంచి పది నిమిషాలు ఆగి వేడిచేస్తే గుణం చాలావరకు నిలుస్తుంది. రెబ్బలను అలాగే నూనెలో వేస్తే వాసన తప్ప మిగిలేది తక్కువ. కాబట్టి వంటకు కూర్చోగానే మొదట చేయవలసిన పని వెల్లుల్లి దంచి పక్కన పెట్టడం. వెల్లుల్లి కారంలో పచ్చిదే నూరుతాం కనుక అక్కడ ఆగనక్కరలేదు.

ఉల్లిలోని క్వెర్సెటిన్ వెలుపలి పొరలలో ఎక్కువగా ఉంటుంది. పొట్టుతో పాటు రెండు మంచి పొరలను లాగిపారేసే అలవాటు మానుకుంటే చాలు.

4.3 టమాటా, క్యారెట్, గుమ్మడి, ఆకుకూరలు

వీటిలోని రంగుపదార్థాలైన లైకోపీన్, బీటా కెరోటిన్, లూటీన్ నూనెలో కరుగుతాయి. పచ్చి టమాటా ముక్కల కంటే నూనెలో మగ్గిన టమాటా నుంచి లైకోపీన్ ఎక్కువగా ఒంటబడుతుంది. రోటి పచ్చడి చేసే ముందు టమాటాలను నూనెలో మూతపెట్టి మగ్గించే మన పద్ధతి ఇందుకు అనువైనది. అయితే నూనె తేలనక్కరలేదు. మనిషికి ఒక చెంచా చాలు. బరువు తగ్గాలని చుక్క నూనె లేకుండా ఆకుకూర ఉడికించుకుని తినేవారు అందులోని కెరోటిన్లలో పెద్ద భాగాన్ని వదులుకుంటున్నారు.

ఆకుకూర ఉడికిన నీటిని పారబోయకండి. పప్పులోనే వేసి ఉడికిస్తే ఆ సమస్యే ఉండదు. మూత్రపిండాలలో రాళ్లున్నవారికి మాత్రం ఇది వర్తించదు. పాలకూర, తోటకూర వంటి ఆకులలోని ఆక్సలేట్లు కొంత తగ్గాలంటే వారు ఉడికించి నీరు వార్చుకోవాలి.

4.4 పసుపు

పసుపులో కర్కుమిన్ సుమారు 3 శాతమే. ఇంట్లో కూరల ద్వారా మనిషికి చేరే పసుపు రోజుకు ఒకటి రెండు గ్రాములనుకుంటే కర్కుమిన్ కొన్ని పదుల మిల్లీగ్రాములు. అది కూడా పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళుతుంది. బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల పరిశోధకులు 1998లో 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరిన్ ఇచ్చి చూస్తే అది రక్తంలోకి చేరడం 2,000 శాతం పెరిగింది. పైపరిన్ అంటే మిరియాలలోని ఘాటు. ఈ అంకె చూపించి మిరియాలు కలిపిన పసుపు మాత్రలను అమ్ముతున్నారు, కాని రక్తంలోకి చేరడం వేరు, క్యాన్సర్‌ను ఆపడం వేరు. వంటలో తాలింపు నూనెలో పసుపు వేసి, కూరలోనో చారులోనో మిరియాలు దంచి వేయడం ఖర్చులేని పని కనుక చేయండి, అంతకు మించి ఆశించకండి.

5. పప్పులు, గింజలు, ధాన్యం

అందరూ ఆకుల వెంట పడతారు గాని ఆధారాల లెక్కలో మొదటి స్థానం పీచుదే. అరగకుండా పెద్దపేగుకు చేరిన పీచును అక్కడి సూక్ష్మజీవులు పులియబెట్టి బ్యూటిరేట్ అనే ఆమ్లాన్ని తయారుచేస్తాయి. పేగు లోపలి పొరలోని కణాలకు అదే ముఖ్యమైన ఇంధనం. మలం త్వరగా కదలడం వల్ల హానికర పదార్థాలు పేగు గోడకు తగిలి ఉండే సమయం కూడా తగ్గుతుంది. రోజుకు 30 గ్రాముల పీచు లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

పాలిష్ పట్టిన సాంబ మసూరి అన్నం రెండు పూటలా తింటూ ఆ లక్ష్యాన్ని అందుకోవడం కష్టం. ఒక పూట జొన్నరొట్టె, రాగి సంకటి లేదా దంపుడు బియ్యం పెట్టుకోవాలి. సాయంత్రం మిక్చర్ పొట్లానికి బదులు శనగలో అలసందలో గుగ్గిళ్లు చేసుకోవాలి.

ఉలవచారు గురించి ఒక మాట. విజయవాడ హోటళ్లలో మీగడ వేసి వడ్డించే ఆ చారు ఉలవలు ఉడికిన నీరే. గింజలను పశువులకు వేస్తే పీచంతా వాటికే దక్కుతుంది. ఇంట్లో చారు కాచినప్పుడు ఉడికిన ఉలవలలో సగమైనా గుగ్గిళ్లుగా తాలింపు పెట్టుకోండి.

6. నిల్వ: బూజు విషయంలో రాజీ లేదు

మంచి ఆహారం చెడ్డదిగా మారేది నిల్వలోనే. సరిగా ఆరని వేరుశనగ, ఎండుమిర్చి, మొక్కజొన్నలపై ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమని రుజువైన పదార్థం. హెపటైటిస్ బి ఉన్నవారిలో ముప్పు అనేక రెట్లు పెరుగుతుంది. వేయించినా ఉడికించినా ఈ విషం పూర్తిగా పోదు. మిర్చి యార్డు ఉన్న ఊరిలో ఉండి ఈ ఒక్క పరీక్ష తెలియకపోవడం బాగుండదు.

ఎండుమిర్చి కొనేటప్పుడు బస్తాలో పైనున్న కాయలను వదిలి, చేయి లోపలికి పెట్టి పిడికెడు తీయండి. పిడికిలి బిగిస్తే గలగలలాడాలి. మెత్తగా వంగితే తేమ ఉందన్నమాట. తరువాత నాలుగైదు కాయలను తొడిమ దగ్గర విరిచి, నిలువునా చీల్చి వెలుతురులో పట్టుకోండి. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలోనూ గింజల చుట్టూ బూడిదరంగు లేదా ఆకుపచ్చ నూగు కనిపించవచ్చు. అలాంటిది ఒక్కటి తగిలినా ఆ సరుకు వద్దు. రంగు వెలిసిన తాలు కాయలు చవకగా వస్తాయని కారానికి కలపవద్దు.

ఇంటికి తెచ్చాక:

– డాబా మీద శుభ్రమైన బట్టపై మళ్లీ ఒకటి రెండు రోజులు ఎండబెట్టి, మంచు పడక ముందే లోపలికి తీసుకురండి.
– తొడిమలు తీస్తూ ప్రతి కాయనూ చూడండి. అనుమానమున్నది పారేయండి, మంచి సగం విరిచి దాచుకోకండి.
– ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించకుండా కాయలను గాలి చొరని డబ్బాలో ఉంచి, రెండు మూడు నెలలకోసారి మరకు పంపండి.
– వేరుశనగ గింజలలో ముడతపడినవి, నల్లబడినవి, చేదుగా ఉన్నవి ఏరివేయండి.

గానుగ నూనె ఇష్టపడేవారు ఇక్కడ మరింత జాగ్రత్తగా ఉండాలి. శుద్ధి చేయని నూనెలో గింజలోని విషం కొంత అలాగే దిగుతుంది. కళ్ల ముందు ఆడించారన్న భరోసా చాలదు. ఆడించే ముందు గింజను చూడాలి.

పసుపును వీలైతే కొమ్ములుగా కొని పట్టించుకోండి. దుగ్గిరాల యార్డు దగ్గరే ఉంది కనుక గుంటూరు, తెనాలి వైపు వారికి ఇది సులువు. కొమ్ము మరీ మెరిసే పసుపురంగులో ఉండి, చేతికి రంగు విపరీతంగా అంటుకుంటే వదిలేయండి. సీసం కలిసిన రంగు పూసే మోసం ఉంది. పొడి కొన్నవారు గ్లాసు నీటిలో చెంచా పొడి వేసి కదపకుండా ఉంచాలి. మంచి పసుపు అడుగుకు దిగి నీరు లేత పసుపులో ఉంటుంది, రంగు కలిపినదైతే నీరంతా చిక్కగా మారుతుంది.

7. ఉదయం వంటలో పనుల వరుస

ఆగవలసిన వ్యవధులన్నీ విని ఆఫీసుకు వెళ్లేవారు భయపడతారు. వరుస మారిస్తే అదనపు సమయం పట్టదు.

(1) లేవగానే క్యాబేజీ కడిగి తరిగి పళ్లెంలో పరచండి. (2) వెల్లుల్లి దంచి చిన్న గిన్నెలో ఉంచండి. (3) పప్పు కుక్కర్‌లో పెట్టండి. (4) అది ఉడికేలోగా ఆకుకూర కడిగి తరగండి. (5) ఆవముద్ద నూరి మూతపెట్టండి. (6) టమాటా, ఆకుకూర నూనెలో మగ్గించి పప్పులో కలపండి. (7) ఈపాటికి అరగంట దాటుతుంది కనుక క్యాబేజీని తాలింపులో వేయండి. (8) దించి, క్యారేజీలు సర్దేటప్పుడు ఆవ కలపండి.

8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి సవరణలు

పొరపాటు: కూరగాయలు పెంచామంటూ దొండకాయ, బెండకాయ, కాకరకాయ అన్నిటినీ కరకరలాడే వేపుళ్లు చేయడం.
సవరణ: వారంలో ఒకటి రెండు వేపుళ్లకు పరిమితమై, మిగిలినవి ఇగురు, పులుసు, పప్పు, పెరుగుపచ్చడిగా మార్చండి. మాడిన ముక్కలను తీసివేయండి. పునుగులు, బజ్జీలు వేసిన నూనెను మళ్లీ మళ్లీ కాగబెట్టకండి.

పొరపాటు: గోంగూర మంచిదని నిల్వ పచ్చడి ముద్దలు ముద్దలుగా కలుపుకోవడం.
సవరణ: ఉప్పుతో నిల్వచేసిన ఆహారానికీ జీర్ణాశయ క్యాన్సర్‌కూ సంబంధం కనిపించింది. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటకూడదు. తాజా గోంగూర పప్పు, పులుసుకూర తరచూ తినండి. ఆవకాయ, నిల్వ గోంగూర నాలుకకు రాసుకునేంత చాలు.

పొరపాటు: పండ్లను రసం తీసి, వడకట్టి తాగడం.
సవరణ: పీచంతా జల్లెడలో మిగిలిపోతుంది. జామకాయ కొరికి తినండి.

పొరపాటు: పొగలు కక్కే టీని గుటకలేయడం.
సవరణ: 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు అన్నవాహిక క్యాన్సర్‌కు బహుశా కారణమని 2016లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ వర్గీకరించింది. నాలుగైదు నిమిషాలు ఆగండి.

పొరపాటు: థైరాయిడ్ ఉందని క్యాబేజీ పూర్తిగా మానేయడం.
సవరణ: వండిన క్యాబేజీని మామూలు పరిమాణంలో తింటే సాధారణంగా ఇబ్బంది రాదు. పచ్చి ఆకు రసాలు మాత్రం వద్దు.

9. మాత్రలు, పొడులు, లక్ష్మణఫలం

కూరలో మేలుచేసే పదార్థాన్ని విడదీసి మాత్రలో పెడితే మరింత మేలు జరుగుతుందన్న ఊహను పెద్ద పరీక్షలే చెదరగొట్టాయి. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే పురుషులపై జరిగిన పరీక్షలో రోజుకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ తీసుకున్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో ప్రకటించారు. అమెరికాలో బీటా కెరోటిన్‌కు విటమిన్ ఎ చేర్చి ఇచ్చిన మరో పరీక్షలో ఆ పెరుగుదల 28 శాతం. దాన్ని మధ్యలోనే ఆపేశారు. విటమిన్ ఇ మాత్రలు వేసుకున్న పురుషులలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. క్యారెట్ తిన్నందువల్ల ఇలా జరిగిన దాఖలా లేదు. పొగతాగేవారు, మానినవారు బీటా కెరోటిన్ ఉన్న మాత్రలకు దూరంగా ఉండాలి. డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదవండి.

కర్కుమిన్ మాత్రలు అధిక మోతాదులో వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికలలో నమోదయ్యాయి. లక్ష్మణఫలం కీమోథెరపీ కన్నా వేల రెట్లు శక్తిమంతమని ఫోన్లలో తిరిగే సందేశానికి మనుషులపై జరిగిన పరీక్ష ఏదీ ఆధారంగా లేదు. పైగా దాని పండు, ఆకు కషాయం ఎక్కువగా వాడే గ్వాడెలూప్ దీవిలో పార్కిన్సన్ వంటి నరాల జబ్బుతో దానికి సంబంధం కనిపించింది. పండు దొరికితే ఎప్పుడైనా ఒక ముక్క తినవచ్చు. ఆకులు ఎండబెట్టి కాచి రోజూ తాగవద్దు.

10. ముందుగా వైద్యుణ్ణి అడగవలసినవారు

– క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు. పైన చెప్పినదంతా ముప్పు తగ్గించుకోవడానికి సంబంధించినది, చికిత్సకు బదులు కాదు. కర్కుమిన్, గ్రీన్ టీ సారం, అధిక మోతాదు యాంటీ ఆక్సిడెంట్లు కొన్ని మందుల పనికి అడ్డుపడవచ్చు. తెల్లకణాలు తగ్గినప్పుడు పచ్చి కూరలు, రోడ్డు పక్కన కోసి అమ్మే పండ్లు తినవచ్చో లేదో కూడా అడగాలి.
– రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడేవారు. ఆకుకూరలలోని విటమిన్ కె ఆ మందుకు ఎదురు పనిచేస్తుంది. మానేయనక్కరలేదు గాని ఒక వారం కుప్పలుగా, మరో వారం అసలే లేకుండా తినకూడదు.
– మూత్రపిండాల జబ్బు ఉన్నవారు. పొటాషియం లెక్క చూసుకోకుండా ఆకుకూరలు, పండ్లు పెంచకూడదు.
– మలంలో రక్తం, మానని నోటిపుండు, మింగడంలో ఇబ్బంది, కారణం లేకుండా బరువు తగ్గడం ఉన్నవారు. వీరు ఆహారం మార్చి చూద్దామని వారాలు గడపకూడదు.

ముప్పై ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ప్రాథమిక పరీక్షలు చేస్తారు. ఏ లక్షణమూ లేకపోయినా వెళ్లవచ్చు. ఏ వైద్యుణ్ణి కలిసినా ఇంట్లో వాడుతున్న మునగాకు పొడి, పసుపు మాత్రలు, కషాయాల డబ్బాలను మందుల చీటీతో పాటు సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. అడిగితే చెబుదామనుకుంటే చాలాసార్లు ఎవరూ అడగరు.